ట్రమడాల్ తగ్గించుకుంటూ నడుము నొప్పితో నెట్టుకురావడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్లపాటు రోజుకు నాలుగు ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు వేసుకుని, ఆ తర్వాత పదకొండు నెలలపాటు మెల్లగా తగ్గించుకుంటూ మానేసినదాన్ని నేను. బడిలో పాఠాలు చెబుతాను. నడుములో రెండు డిస్కులు పక్కకు జరిగాయి. నొప్పి ఎడమ పిర్ర మీదుగా మడమ దాకా దిగేది. నేను మానేసిన సంగతి స్టాఫ్ రూములో తెలిసిన దగ్గర్నుంచి తోటి టీచర్లు, వాళ్ల అత్తగార్లు, ఎదురింటి డ్రైవరు గారు, ఎక్కడో కువైట్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. నేను డాక్టరును కాను. ఇక్కడ కనిపించే అంకెలు నా ఒంటికి, నా మోతాదుకు సరిపోయినవి. మీ లెక్క మీ డాక్టరుతో కూర్చుని వేసుకోవలసిందే.

నేను వేసుకునేది ఓపియాయిడ్ అని ఎలా తెలుస్తుంది?

పేరు చూసి పోల్చుకోలేరు. కంపెనీకొక పేరు ఉంటుంది. స్ట్రిప్పు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ట్రమడాల్, టాపెంటడాల్, కొడీన్, మార్ఫిన్, ఫెంటనిల్, బ్యూప్రెనార్ఫిన్: వీటిలో ఏది కనిపించినా అది ఓపియాయిడ్, అంటే నల్లమందు కుటుంబపు నొప్పి మందే. మాంసం కూరలో వేసే గసగసాలు, నల్లమందు ఒకే మొక్క నుంచి వస్తాయి. ట్రమడాల్ మాత్రం మొక్క నుంచి తీసింది కాదు, ఫ్యాక్టరీలో తయారైన మందు. 1977లో జర్మనీలో మొదట అమ్మకానికి వచ్చింది. మన దగ్గర ఎక్కువగా దొరికేది 37.5 మిల్లీగ్రాముల ట్రమడాల్, 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిపిన మాత్ర. నేను వాడిందీ అదే. పారాసిటమాల్ పేరు పక్కనే ఉండడంతో జ్వరం మాత్రకు అన్నగారు అనుకున్నాను.

2018 ఏప్రిల్ నుంచి ట్రమడాల్ మత్తుమందుల నియంత్రణ చట్టం కిందికి వచ్చింది. అంతకుముందే దాన్ని హెచ్1 జాబితాలో చేర్చారు. అంటే దుకాణదారు చీటీ చూసి, మీ పేరు, డాక్టరు పేరు విడిగా ఒక రిజిస్టరులో రాసి ఇవ్వాలి. అడగ్గానే చేతిలో పెట్టే దుకాణం మీకు మేలు చేస్తోందని అనుకోకండి.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఓపియాయిడ్లు కావు. వాటితో వచ్చే చిక్కులు వేరు, అవి తర్వాత చెబుతాను.

డాక్టరు రాసిన మందే కదా, నేను దానికి బానిసనయ్యానా?

ఈ మాట నన్ను ఆర్నెల్లు నిద్రపోనివ్వలేదు. రెండు విషయాలను విడదీసి చూడాలి. మందు రోజూ పడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. ఆపితే గోల చేస్తుంది. ఎవరి ఒళ్లయినా అంతే, ఇందులో గుణదోషాల ప్రసక్తి లేదు. వ్యసనం వేరు. చీటీలో ఉన్నదానికంటే ఎక్కువ మింగడం, నొప్పి లేకపోయినా ఆ తేలికదనం కోసం వేసుకోవడం, ఇద్దరు ముగ్గురు డాక్టర్ల దగ్గర చీటీలు రాయించుకోవడం, ఇంట్లో దాచడం, నష్టం కళ్లకు కనబడుతున్నా ఆగలేకపోవడం దాని గుర్తులు. మొదటి రకం వాళ్లు నెమ్మదిగా తగ్గించుకుంటే చాలావరకు బయటపడతారు. రెండో రకం వాళ్లకు మానసిక వైద్యుల సాయం, కొన్నిసార్లు బ్యూప్రెనార్ఫిన్ వంటి మందుతో చికిత్స అవసరమవుతాయి.

ఆ చికిత్స హైదరాబాద్‌లో ఎర్రగడ్డలోనూ, విశాఖలో చినవాల్తేరులోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో దొరుకుతుంది. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అని మనం వేసుకునే వెకిలి జోకులు ఎంతమందిని ఆ గేటు దాటనివ్వకుండా ఆపాయో! 14446 మత్తుమందుల వ్యసనంపై జాతీయ సహాయ ఫోను నంబరు. ఎవరితోనూ చెప్పుకోలేనివాళ్లు అక్కడ మొదలుపెట్టవచ్చు.

ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుంది? మా మామయ్య సిగరెట్లు అలాగే మానేశాడు.

నేను తెలియక మానేశాను ఒకసారి. రాజమండ్రిలో పెళ్లికి వెళ్తూ మాత్రల సంచి ఇంట్లో టేబుల్ మీదే మరిచిపోయాను. రెండు రోజులే కదా, ఓర్చుకుందాం అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవులింతలు మొదలయ్యాయి. ఒకటి రెండు కాదు, దవడలు నొప్పి పుట్టేటన్ని. కళ్లు, ముక్కు ధారలు కట్టాయి. అప్పగింతల వేళ ఏడుస్తున్నాననుకుని పెళ్లికూతురి పిన్ని నన్ను ఓదార్చింది. రాత్రికి చేతుల మీద వెంట్రుకలు నిక్కపొడుచుకుని చలి, వెంటనే చెమట. కాళ్లలో చీమలు పాకినట్టు, ఎటు తిప్పినా నిలవనీయవు. తెల్లవారేలోపు ఏడుసార్లు విరేచనాలు. ఫుడ్ పాయిజన్ అని అందరూ వంటవాళ్లను తిట్టారు. పాపం వాళ్ల తప్పేమీ లేదు.

ట్రమడాల్‌కు సాధారణంగా చివరి మాత్ర పడిన సగం రోజు నుంచి ఒక రోజులోపు ఇలా మొదలవుతుంది. రెండో మూడో రోజు తారస్థాయికి చేరి, వారం పది రోజుల్లో సద్దుమణుగుతుంది. నిద్ర, మనసు కుదుటపడడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. ట్రమడాల్‌కు ఇంకో మెలిక ఉంది. అది ఓపియాయిడ్‌గా పనిచేయడంతో పాటు, కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందుల్లాగా మెదడులో సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాల మీద కూడా పనిచేస్తుంది. కాబట్టి ఆపితే రెండు మందులు ఒకేసారి ఆపినట్టు. కొందరికి విపరీతమైన భయం, తలలో కరెంటు తగిలినట్టు జల్లుమనడం, తిమ్మిర్లు, లేనివి కనిపించడం కూడా జరుగుతాయి.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఇది సాధారణంగా ప్రాణాంతకం కాదు. ముసలివాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు విరేచనాలతో నీరసించిపోతే మాత్రం ప్రమాదమే. అసలు ముప్పు మరోచోట ఉంది. భరించలేక మనిషి ఏమైనా చేయడానికి సిద్ధపడతాడు. దీర్ఘకాలం వాడుతున్నవారికి ఓపియాయిడ్లు ఉన్నట్టుండి ఆపితే తీవ్ర బాధ, అదుపు తప్పిన నొప్పి, ఆత్మహత్యల దాకా దారి తీస్తోందని 2019 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మామయ్య సిగరెట్ల పౌరుషం ఇక్కడ పనికిరాదు.

మరి ఎంత నెమ్మదిగా తగ్గించాలి?

ఏడాదికి మించి వాడినవారికి నెలకు పది శాతం, లేదా అంతకన్నా నెమ్మదిగా తగ్గిస్తే ఒళ్లు తట్టుకుంటుందని 2022లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాలు చెప్పాయి. కొన్ని వారాలో, రెండు మూడు నెలలో వాడినవారికి ఇంకాస్త వేగంగా, వారానికి పది శాతం చొప్పున తగ్గించవచ్చు. కొద్దిరోజులే వాడితే అసలు ఇంత తతంగం ఉండదు.

పుస్తకంలోని పది శాతం మాత్ర మీదికి రాదు. నా మాత్రకు మధ్యలో గీత ఉంది, సగానికి విరిగేది. రోజుకు నాలుగు వేసుకునేదాన్ని కాబట్టి ఒక సగం తగ్గిస్తే పన్నెండున్నర శాతం. డాక్టరు గారు అదే మొదటి మెట్టు అన్నారు. మధ్యాహ్నపు మాత్రలో సగం తీసేసి, నాలుగు వారాలు అక్కడే ఆగమన్నారు. కత్తిపీట దగ్గర మొదటి ప్రయత్నంలో మాత్ర మూడు ముక్కలై ఒకటి పొయ్యి కిందికి పోయింది. తర్వాత మందుల షాపులో చిన్న ప్లాస్టిక్ కట్టర్ కొన్నాను. ఇంట్లో మూలపడ్డ పోపుల పెట్టె ఒకటి ఉంది, ఏడు గిన్నెలు. ఏడు రోజులకు ఏడు. ఆదివారం రాత్రి కూర్చుని వారానికి సరిపడా సర్దేదాన్ని. ఆవాల గిన్నె సోమవారం, జీలకర్ర గిన్నె మంగళవారం. నవ్వుకోండి గానీ, ‘ఇందాక వేసుకున్నానా, లేదా?’ అన్న గందరగోళం దానితో పోయింది. పిల్లలున్న ఇల్లయితే ఆ పెట్టె బీరువాలో తాళం వేసి ఉండాలి. చిన్నపిల్లలకు ఒక్క మాత్ర కూడా ప్రాణం మీదికి రావచ్చు.

లెక్క ప్రకారం ఎనిమిది మెట్లు. ఎనిమిది నెలల్లో అయిపోవాలి. ఉగాది తర్వాత మొదలుపెడితే శివరాత్రికి పూర్తయింది. రెండుచోట్ల ఆగిపోయాను: ఒకటి పదో తరగతి స్పెషల్ క్లాసుల రోజుల్లో, ఇంకోటి అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు. ఆగడం ఓడిపోవడం కాదని డాక్టరు గారు ముందే చెప్పారు. ఆగవచ్చు, కానీ వెనక్కి ఎక్కకుండా చూసుకోమన్నారు. దిగేకొద్దీ అదే సగం మాత్ర పెద్ద మెట్టవుతుంది, గమనించండి. నాలుగులో సగం తీయడం ఒక లెక్క, ఒకటిలో సగం తీయడం మరో లెక్క. చివరి రెండు మెట్లకు నాకు చెరో ఆరు వారాలు పట్టింది.

అందరూ చేసే పొరపాట్లు రెండు. ఒకటి, రోజు విడిచి రోజు వేసుకుంటూ తగ్గించడం. ట్రమడాల్ కొన్ని గంటల్లోనే ఒంట్లో సగానికి పడిపోతుంది కనుక ప్రతి రెండో రోజూ చిన్న రాజమండ్రి పెళ్లి అవుతుంది. దాదాపు అట్టడుగుకు చేరాక మాత్రం డాక్టర్లు మాత్రల మధ్య ఎడం పెంచి ఆపిస్తారు. రెండోది, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను, క్యాప్సూల్స్‌ను విరవడం, నమలడం. పన్నెండు గంటల మందు ఒకేసారి రక్తంలో కలుస్తుంది. స్ట్రిప్పు మీద ఎస్.ఆర్. అనో ఈ.ఆర్. అనో ఉంటే ముట్టుకోకండి, విరవడానికి వీలైన మాత్ర రాయించుకోండి.

తగ్గిస్తుంటే నొప్పి పెరగదా?

పెరిగినట్టే అనిపిస్తుంది. ప్రతి మెట్టు దిగాక మొదటి వారం నాకు నడుముతో పాటు మోకాళ్లు, భుజాలు, చివరికి దవడ కూడా నొప్పి పెట్టాయి. నా డిస్కులకు, నా దవడకు సంబంధం ఏమిటి? అప్పుడు అర్థమైంది, ఇది పాత నొప్పి కాదు, మందు తగ్గిన నొప్పి అని. పాత నొప్పి తన చోట ఉంటుంది, తన దారినే దిగుతుంది. కొత్తది ఒళ్లంతా తిరుగుతుంది, ఆవులింతలు, ముక్కు కారడం వెంటబెట్టుకుని వస్తుంది, మెట్టు దిగిన వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది. గోడ క్యాలెండరులో ఆ రోజు గడిలో తిథి పక్కన నొప్పికి పదిలో ఒక అంకె వేసి, చోటు రాసుకునేదాన్ని. ఈ రెండింటినీ విడదీసి చూపింది ఆ గడులే. లేకపోతే మూడో రోజు భయపడి మళ్లీ పాత లెక్కకు ఎక్కేసేదాన్ని.

మరో సంగతి చాలామంది నమ్మరు. ఎక్కువకాలం ఓపియాయిడ్లు వాడితే కొందరిలో నరాలు మొద్దుబారవు, ఇంకా పదునెక్కుతాయి. ఇదివరకు నొప్పి అనిపించనిది కూడా నొప్పిగా తెలుస్తుంది. మోతాదు పెంచేకొద్దీ నొప్పి ఎక్కువవుతుంటే డాక్టర్లు ఈ కోణంలో కూడా ఆలోచిస్తారు. అలాంటివారికి మందు తగ్గితే నొప్పీ తగ్గవచ్చు.

2018లో అమెరికాలో నడుము నొప్పి, మోకాలి లేదా తుంటి అరుగుదల ఉన్న 240 మంది మీద జరిగిన అధ్యయనం ఒకటి ఉంది. ఏడాది తర్వాత చూస్తే, రోజువారీ పనులు చేసుకోవడంలో ఓపియాయిడ్లు వాడినవారికి, ఇతర మందులు వాడినవారికి తేడా లేదు. నొప్పి తీవ్రత రెండో గుంపులోనే కొంచెం తక్కువ. అయితే ఆ రెండో గుంపులో మిగతా మందులు పనిచేయనివారికి ట్రమడాల్ ఇచ్చే వీలు ఉంచారు. కాబట్టి ట్రమడాల్ పనికిరాదనడానికి దీన్ని సాక్ష్యంగా చూపితే అబద్ధమాడినట్టే. బలమైన మందు అంటే దీర్ఘకాలపు నొప్పికి మంచి మందు అని అర్థం కాదు, అంతవరకే నేను తీసుకున్నాను.

మాత్ర బదులు ఏ మాత్ర?

ఈ ప్రశ్న ఎక్కువమంది అడుగుతారు, దీని మీదే నాకు ఆశ తక్కువ. నరం లాగే నొప్పికి, షుగరు వల్ల అరికాళ్ల మంటకు డులాక్సెటిన్, ఎమిట్రిప్టిలిన్, ప్రెగాబలిన్, గాబాపెంటిన్ వంటివి రాస్తారు. మొదటి రెండూ ట్రమడాల్ ఇంకా నడుస్తుండగా కలిస్తే సెరటోనిన్ మితిమీరి వణుకు, జ్వరం, తికమక రావచ్చు, ఫిట్స్ ముప్పు కూడా పెరుగుతుంది. చివరి రెండూ ఓపియాయిడ్‌తో కలిస్తే ఊపిరి మందగించవచ్చు. ఏది రాసినా, రాసే డాక్టరుకు మీ స్ట్రిప్పులన్నీ చూపించండి.

పారాసిటమాల్ లెక్క జాగ్రత్త. నా నాలుగు కలిపిన మాత్రల్లోనే 1300 మిల్లీగ్రాములు ఉంది. దాని మీద 650 మాత్రలు మూడు వేస్తే 3250. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు ఆఖరి హద్దు. బక్కగా ఉన్నవారికి, కాలేయం బాగాలేనివారికి, మద్యం తాగేవారికి హద్దు ఇంకా తక్కువ.

ఇక డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, రక్తపోటు, కిడ్నీలు దెబ్బతినడం. ఓపియాయిడ్ మానాలన్న తొందరలో వీటికి ఎక్కేవాళ్లను చూశాను. ఉద్దానంలాగా కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్నచోట అయితే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఒక్కటి కూడా వేసుకోవద్దు. పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ మోకాళ్ల వంటి చోట్ల పనిచేస్తుంది, రక్తంలోకి తక్కువగా వెళుతుంది.

అయితే నొప్పికి నిజంగా పనిచేసింది ఏమిటి?

కదలిక. ఆ మాట వినగానే మొహం ముడుచుకోకండి, నేనూ ముడుచుకున్నదాన్నే. మొదటి మాత్ర తగ్గించడానికి రెండు నెలల ముందే ఫిజియోథెరపీ మొదలుపెట్టించారు. అదే మంచిదైంది. మందు తగ్గిన వారంలో కొత్తగా నడుం వంచడం నేర్చుకోవడం అయ్యే పని కాదు.

నా అసలు రోగం ఆదివారం. వారమంతా పడుకుని, నొప్పి లేని ఆదివారం దొరికితే ఇల్లంతా కడిగి, బూజులు దులిపి, పది దుప్పట్లు ఉతికేదాన్ని. సోమవారం నుంచి గురువారం దాకా మంచం. ఫిజియోథెరపిస్టు ఒక చేతిగడియారం పెట్టుకోమంది. నొప్పి మొదలవడానికి ఎంతసేపు నిలబడగలను? ఇరవై నిమిషాలు. అయితే పన్నెండో నిమిషానికి కూర్చోవాలి, నొప్పి ఉన్నా లేకపోయినా. పప్పు పోపు సగంలో ఉన్నా సరే, స్టవ్వు తగ్గించి కూర్చోవాలి. బాగున్న రోజు కూడా పన్నెండే. వారానికి ఒక నిమిషం పెంచుకోవాలి. మొదట్లో నాకు ఇదేదో పిల్లల ఆటలా అనిపించింది. నాలుగు నెలలకు ఒక పీరియడు మొత్తం, అంటే నలభై ఐదు నిమిషాలు, మధ్యలో ఒక్కసారి కుర్చీ తీసుకుని పాఠం చెప్పగలిగాను. కూరగాయలు తరగడం కింద కత్తిపీట నుంచి బల్ల మీదికి మార్చాను. ఈ ఒక్క మార్పు ముందే చేసుండాల్సింది.

నడక ఉదయం, సాయంత్రం పదేసి నిమిషాలతో మొదలైంది. వేడి కాపడం రాత్రి పడుకునే ముందు. కొందరికి నొప్పిని చూసే తీరు మార్చే మానసిక చికిత్స బాగా పనిచేస్తుంది. ‘నొప్పి అంతా నీ తలలోనే ఉంది’ అని దాని అర్థం కాదు. ఇంకా నొప్పి వస్తుందేమో అన్న భయంతో బిగుసుకుపోయే కండరాలను వదులు చేయడం దాని పని. నేను ఐదుసార్లు వెళ్లాను. మొదటి రెండుసార్లు డబ్బు దండగ అనుకున్నాను.

ఒక హెచ్చరిక: మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు పట్టు సడలినా, నొప్పితో జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా అది వ్యాయామంతో పోయే నొప్పి కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నిద్ర పట్టడం లేదు. అల్ప్రాజోలం వేసుకోవచ్చా?

ఓపియాయిడ్‌తో కలిపి వద్దు. రెండూ ఊపిరిని నెమ్మదింపజేస్తాయి. పైగా ఒక గుంజ నుంచి కట్టు విప్పుకుని ఇంకో గుంజకు కట్టేసుకున్నట్టు అవుతుంది. నిద్ర చివరికి వచ్చే చుట్టం. నాకు ఆఖరి మాత్ర తర్వాత ఐదో వారానికి వచ్చింది.

కల్లు తాగుతాను. అదేమీ మందు కాదు కదా?

చెట్టు నుంచి దించిన స్వచ్ఛమైన కల్లు కూడా మద్యమే. అయితే తెలంగాణలో చాలాచోట్ల దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారని ఎక్సైజ్ కేసులు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. అంటే మీకు తెలియకుండానే ట్రమడాల్‌తో నిద్రమాత్ర కలిపి తాగుతున్నారు. ఇలాంటివారు రెండూ ఒకేరోజు మానేస్తే ఫిట్స్, మతి తప్పడం జరగవచ్చు. ఇది ఇంట్లో చేసే పని కాదు. సిగ్గుపడకుండా రోజుకు ఎన్ని సీసాలో డాక్టరుకు చెప్పండి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆయన తేలుస్తారు.

మా ఊరి ఆర్.ఎం.పి. ఇచ్చే పొట్లంలో ఏముందో తెలియదు. ఎలా మానాలి?

తెలియకపోవడమే ప్రమాదం. కాగితంలో చుట్టిన మూడు రంగుల మాత్రల్లో నొప్పి మందు, గ్యాస్ మాత్రతో పాటు తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో మంచం దిగి నడిచేస్తారు, ఆకలి పెరుగుతుంది, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ‘చెయ్యి మంచిది’ అని పేరు వస్తుంది. నెలల తరబడి స్టెరాయిడ్ పడ్డాక ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. ఊరూపేరూ లేని నొప్పుల చూర్ణాలకూ ఇదే అనుమానం వర్తిస్తుంది. మిగిలిన పొట్లాన్ని పారేయకుండా, ఆపకుండా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లి చూపించండి.

ఎవరు సొంతంగా అసలు తగ్గించకూడదు?

గర్భిణులు. ఉన్నట్టుండి మానితే కడుపులో బిడ్డకు ముప్పు, ఏ నిర్ణయమైనా ప్రసూతి డాక్టరుదే. పాలిచ్చే తల్లులు కూడా ట్రమడాల్ సంగతి దాచకూడదు, అది పాల ద్వారా బిడ్డకు చేరుతుంది. ఫిట్స్ ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, కుంగుబాటుకు మందులు వాడుతున్నవారు కూడా. షుగరు ఉన్నవారికి ఒక మాట: ట్రమడాల్ కొందరిలో షుగరు పడిపోయేలా చేస్తుంది. చెమట, వణుకు రాగానే మందు తగ్గించిన బాధ అని సరిపెట్టుకోకుండా గ్లూకోమీటరు తీయండి.

క్యాన్సర్ ఉన్న మా నాన్నగారికి కూడా మార్ఫిన్ మాన్పించాలా?

వద్దు. దయచేసి ఈ రాతను ఆయన మంచం దగ్గరికి తీసుకెళ్లకండి. అది వేరే లోకం. క్యాన్సర్ నొప్పికి, చివరి రోజుల్లో ఊపిరాడని బాధకు మార్ఫిన్ సరైన మందు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి ఇలాంటి మందుల లైసెన్సులను సులభం చేసింది కూడా అందుకే. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది. అలవాటు పడతారని భయపడి మంచంలో మూలుగుతున్న మనిషికి మందు బిగపట్టడం కంటే క్రూరత్వం లేదు.

డాక్టరు ఒక్కసారిగా ‘ఇక రాయను’ అన్నారు. ఏం చేయను?

చట్టం భయం వాళ్లకూ ఉంటుంది. నాకూ ఒకచోట ఇదే ఎదురైంది. గొడవ పడకుండా ఇలా అడగండి: ‘మానాలనే ఉంది సార్, మెట్లు మెట్లుగా దించండి. ఎన్నేళ్లుగా ఎంత వాడుతున్నానో ఇదిగో.’ రాసిన కాగితం చేతిలో ఉంటే మాట తీరే మారుతుంది. ఆయన కాదంటే నొప్పి వైద్య విభాగానికో, మానసిక వైద్యులకో చీటీ రాయమనండి. వీధి చివర దుకాణం వెనక తలుపు దారి మాత్రం పట్టకండి.

ఇంట్లోవాళ్లు ఏం చేస్తే మేలు?

‘ఇంకా ఎన్ని మిగిలాయి?’ అని రోజూ లెక్క అడగకపోతే చాలు. మా ఆయన అడగడం మానేసి, మెట్టు దిగిన వారాల్లో నీళ్ల బిందె తను మోసేవారు, రాత్రి మజ్జిగలో ఉప్పు వేసి మంచం పక్కన పెట్టేవారు. విరేచనాలు ఎక్కువైతే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో. పనిభారం పంచుకోకుండా ధైర్యం చెప్పేవాళ్లతో నాకు పెద్దగా ఉపయోగం కలగలేదు.

దుబాయ్ వెళ్తున్నాను. మాత్రలు వెంట తీసుకెళ్లవచ్చా?

చీటీ ఉంది కదా అని తీసుకెళ్లకండి. యుఏఈలో ట్రమడాల్ నియంత్రిత మందు, ముందే అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి తీసుకోవాలి. లేకపోతే విమానాశ్రయంలోనే కేసు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఊళ్లోవాళ్లు ‘మావాడికి నడుం నొప్పి, ఈ పొట్లం ఇవ్వు బాబూ’ అని ఇస్తుంటారు. విప్పి చూడకుండా తీసుకోవద్దు, విప్పి చూశాక కూడా వద్దనే నా సలహా. ఇంగ్లండ్, అమెరికాల్లో 2014 నుంచి అది నియంత్రిత మందుల జాబితాలో ఉంది.

సగంలో ఉండగా ఓర్చుకోలేక పాత మోతాదు వేసుకుంటే?

ఒకసారి జారితే దిగిన మెట్లన్నీ వృథా అయినట్టు కాదు. డాక్టరుకు చెప్పి, నిలబడగలిగిన మెట్టు దగ్గర ఆగండి. అయితే ఇది మరచిపోవద్దు: నెలలుగా తగ్గించిన ఒంటికి పాత మోతాదు ఇప్పుడు ఎక్కువ. మునుపు తట్టుకున్నదే ఇప్పుడు ఊపిరి ఆపేయవచ్చు. మనిషి పిలిచినా లేవకపోయినా, గురకలాంటి నెమ్మది ఊపిరి తీస్తున్నా, పెదవులు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోను చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. బతకాలని లేదు అన్న తలంపు వస్తే 14416కి చేయండి. అది టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఐదో మెట్టు దగ్గర ఒక రాత్రి నేను చేశాను.

ఇప్పుడు మీకు నొప్పి లేదా?

ఉంది. ఈ పేజీ రాస్తూ నాలుగుసార్లు లేచాను. క్యాలెండరు గడుల్లో మాత్రలు నాలుగు వేసుకునే రోజుల అంకె పదిలో ఆరు, ఏడు. ఇప్పుడు నాలుగు, ఐదు. వాన ముసురు రోజుల్లో ఆరు. తేడా అంతే. కానీ మలబద్ధకం పోయింది, మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడడం పోయింది, పిల్లల పేర్లు గుర్తుంటున్నాయి.

మిగిలిన మాత్రలు ఏం చేయాలి?

అవసరానికి ఉంటాయని దాచకండి, ‘నీకూ నడుం నొప్పే కదా’ అని పక్కింటికి ఇవ్వకండి. నా దగ్గర పదకొండు సగాలు మిగిలాయి. వాడేసిన టీ పొడిలో కలిపి, పాల కవరులో మూతి బిగించి చెత్తబండిలో వేశాను. స్ట్రిప్పు మీది పేరు గీకేశాను. పోపుల పెట్టె రెండుసార్లు సబ్బుతో కడిగి, వేడినీళ్లు పోసి, ఎండలో పెట్టాను. ఇప్పుడందులో ఆవాలు ఉన్నాయి.